సీమ సొమ్ము – 9: గోపురం కింద స్పెయిన్ రాజు

కర్నూలు పాతబస్తీలో నాణేలు పోగేసే మిత్రుడొకాయన ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయను. పోయిన ఆదివారం వరండాలో కూర్చోబెట్టి, కాఫీ కంటే ముందు నా అరచేతిలో ఒక వెండి బిళ్ళ పెట్టినాడు. పాత అర్ధరూపాయికి ఒకటిన్నర రెట్ల వెడల్పుంది, బరువుగా ఉంది. "ఏం కనపడతాంది చెప్పన్నా" అన్నాడు.

గోపురం కనపడింది. అంతస్తులంతస్తులుగా లేచిన గుడి గోపురం, దాని చుట్టూ నక్షత్రాలు, అంచున ఇంగ్లీషూ పారసీ అక్షరాలు. వెనక్కి తిప్పితే విష్ణుమూర్తి, ఆయన చుట్టూ చుక్కల వరుస, అంచున ఒకపక్క అరవం, ఒకపక్క తెలుగు. తెలుగు అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి గానీ కూడబలుక్కుంటే అర పూవరహా అన్నమాట తేలింది.

"అది అందరికీ కనపడేదేలే. కిటికీ కాడికి తీసుకొని పో" అన్నాడు. పోయి, సాయంత్రపు ఎండ పక్కవాటుగా పడేటట్టు బిళ్ళను మెల్లగా తిప్పినాను. గోపురం మొదట్లో ఏదో వంపు మెరిసి మాయమైంది. మళ్ళీ తిప్పినాను. ముక్కు! దాని కింద పెదవి, గడ్డం. మనిషి మొగం తలకిందులుగా పడుకొని, దాని మీద గుడి కట్టినట్టుంది. "ఆయప్పే, స్పెయిన్ రాజు" అన్నాడు మిత్రుడు, సొంత బంధువును పరిచయం చేసినంత సంబరంగా.

పోయిన వారం కడప మయానా నవాబుల దగ్గర ఆగినాం. ఆ సీమ హైదరు అలీ చేతికి, టిప్పు చేతికి, 1792లో నిజాము చేతికి మారి, 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీ చేతిలో పడిందని చెప్పుకున్నాం. దత్తమండలం అన్న పేరు అప్పటిది. ఈ వారం ఆ కంపెనీ మన చేతిలో పెట్టిన వెండి సంగతి. యూరపు నాణేలు సేకరించేవాళ్ళు లండన్ వేలంపాటల జాబితాలు తిరగేస్తుంటారు. 19వ శతాబ్దపు యూరపు వెండి మన కరణాల కవిలెల్లోనూ కంసాలుల కుంపట్లలోనూ ఎట్లా తిరిగిందో తెలిస్తే, జాబితా పక్కన పెట్టి ఒకసారి ఇంట్లో అటక మీద ట్రంకుపెట్టె తెరుస్తారు.

మొదట ఆ రాజు సంగతి. స్పెయిన్ వాళ్ళు మెక్సికోలోనూ దక్షిణ అమెరికాలోని పొతోసీ కొండల్లోనూ తవ్వించిన వెండితో ఎనిమిది రియాళ్ళ నాణెం కొట్టేవాళ్ళు. లోకమంతా దాన్ని స్పానిష్ డాలరు అన్నది. 1772 నుంచి దాని మీద రాజుగారి తల ఉండేది, మూడో చార్లెస్‌ది, తర్వాత నాలుగో చార్లెస్‌ది. వెనకవైపు రెండు స్తంభాలు. దాదాపు 27 గ్రాముల బరువు, నూటికి తొంభై పాళ్ళ వెండి. చైనా నుంచి అమెరికా దాకా ఏ రేవులోనైనా చెల్లేది. మద్రాసు రేవులో దిగేది కూడా ఎక్కువగా ఇదే. మన నీలిమందుకూ నూలుబట్టకూ బదులుగా యూరపువాళ్ళు ఇవ్వగలిగింది వెండి ఒకటేనాయె.

డాలరు రేవులో చెల్లుతుంది సరే, జమ్మలమడుగులో చెల్లదు. ఇక్కడ లెక్క వరహాల్లో. కంపెనీ వరహాకు 42 రూకలు, రూకకు 80 కాసులు. వరహా బంగారం, కాసు రాగి. మధ్యలో ఆర్కాటు రూపాయని ఒక వెండి నాణెం ఉంది. దాని మీద ఎప్పుడో పోయిన మొగలు చక్రవర్తి రెండో ఆలంగీరు పేరే కంపెనీ కూడా అచ్చు వేసుకుంటూ పోయింది. చచ్చిపోయిన పాదుషా పేరుతో ఇంగ్లీషు వర్తకుడు రూపాయి కొట్టడం మనకు వింతగా ఉంటుంది గానీ, అప్పటి రైతుకు కొత్త మొగం కంటే పాత పేరే నమ్మకం.

దత్తమండలానికి మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. 1800 నుంచి 1807 వరకు మొదట అనంతపురంలో, తర్వాత కడపలో మకాం. పాళెగాళ్ళను అణచి, ఊరూరా చేను కొలిపించి, రైతు పేర శిస్తు కట్టిన మనిషి. ఆయన చేతుల మీదుగా ఏడాది శిస్తు పది లక్షల వరహాల నుంచి పదిహేను లక్షల వరహాల దాకా పెరిగింది. మన్రో మీద సీమ జనానికున్న అభిమానం తెలిసిందే. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు, మాండవ్య రుషి అన్నారు, గండి దగ్గర కొండల నడుమ ఆయనకు బంగారు తోరణం కనపడిందని కథ చెప్పుకుంటారు. నేనూ ఆ కథ వింటూ పెరిగినవాణ్ణే. అయినా ఏడేళ్ళలో శిస్తు ఒకటికి ఒకటిన్నర అయిందన్న మాట తోరణంతో పాటు గుర్తుపెట్టుకోవాలనే అంటాను.

శిస్తు వరహాల్లో నిర్ణయమౌతుంది, రైతు చేతిలో ఉండేవి నానా రకాలు. హైదరు కొట్టించిన బహదూరీ వరహా, మైసూరు కంఠీరాయి రూకలు, ఆర్కాటు రూపాయలు. ఏది ఎన్నింటికి సమానమో తేల్చేవాడు షరాబు. గీటురాయి మీద గీకి, వేలి మీద మోగించి, "ఇది తరుగుంది, వట్టం పడుతుంది" అంటాడు. వట్టం అంటే మార్పుకు కోసుకునే కోత. నూటికి రెండో మూడో. కిస్తుల కాలంలో వరహాకు గిరాకీ ఎక్కువ కాబట్టి కోతా ఎక్కువే. రైతు కళ్ళం దగ్గర ఒకసారి, షరాబు దగ్గర ఒకసారి ఇచ్చుకోవాలి.

ఈ గందరగోళంలోంచే 1807లో మద్రాసు టంకశాలలో కొత్త యంత్రాలు దిగినాయి. సుత్తి దెబ్బ పోయి మరదెబ్బ వచ్చింది. కొట్టడానికి వెండి కావాలి. ఎదురుగా స్పానిష్ డాలర్ల గుట్టలున్నాయి. కరిగించి, రేకులు లాగి, బిళ్ళలు కోసి, అప్పుడు అచ్చు వేయడమంటే బొగ్గు, కూలి, తరుగు, కాలం. డాలరునే తీసుకొని బరువు తగ్గించి దాని మీదే కొత్త అచ్చు దిగ్గొడితే ఒక్క దెబ్బతో పని అయిపోతుంది. అర వరహా బరువు 21 గ్రాములకు కాస్త పైన, అంటే ప్రతి డాలరు నుంచీ ఆరు గ్రాముల వెండి చుట్టూ తీసేయాల్సిందే. అచ్చు గట్టిగా పడినచోట రాజు కనపడకుండా పోయినాడు. దెబ్బ కాస్త పక్కకు పోయినచోట మొండికేసి నిలబడినాడు. నా మిత్రుని బిళ్ళలో ముక్కు మిగిలింది అట్లాగే.

ఇందులో నాకు నచ్చే తమాషా ఇంకొకటుంది. డాలరు మీద అంచున లాటిన్‌లో 'హిస్పన్ ఎట్ ఇండ్ రెక్స్' అని ఉండేది. స్పెయిన్‌కూ ఇండియాలకూ రాజు అని. ఆ 'ఇండియాలు' అమెరికా ఖండం. కొలంబస్ దారి తప్పి పెట్టిన పేరు అట్లాగే ఉండిపోయింది. మూడు వందల ఏళ్ళు అబద్ధం చెప్పిన ఆ అక్షరాలు చివరికి నిజమైన ఇండియాకు చేరి, విష్ణుమూర్తి పాదాల కింద నలిగినాయి. కొన్ని బిళ్ళల మీద ఒకటీ అరా అక్షరం ఇప్పటికీ పైకి తేలుతుంటుంది. సేకరించేవాళ్ళకు అచ్చు శుభ్రంగా పడిన నాణెం కంటే ఇట్లాంటిదంటేనే ఎక్కువ మోజు.

మద్రాసు ఒక్కటే ఈ పని చేసిందనుకోవద్దు. 1797లో వెండి కరువొచ్చినప్పుడు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ స్పెయిన్ రాజు మెడ మీద తమ మూడో జార్జి తలను చిన్న ముద్రగా కొట్టి వదిలింది. ఒక రాజు మెడ మీద ఇంకో రాజు తల! 1804లో మాథ్యూ బౌల్టన్ మరల మీద డాలర్లకు పూర్తిగా కొత్త అచ్చు వేయించింది. 1813లో ఆస్ట్రేలియాలో గవర్నరు మక్వారీ 40,000 డాలర్లు తెప్పించి ఒక్కోదానికి నడుమ బెజ్జం కొట్టించినాడు, బయటి చుట్టు ఒక నాణెం, లోపలి ముక్క ఇంకో నాణెం. బ్రెజిల్‌వాళ్ళు 960 రేయిస్ అని తమ ముద్ర వేసుకున్నారు. ఆ వరసలో మనదే తెలుగు రాసిన డాలరు. లోకంలో స్పానిష్ డాలర్ల మీద పుస్తకాలు చాలా ఉన్నాయి గానీ, తెలుగువాళ్ళకు ఈ బిళ్ళ గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు.

పూవరహా అన్న పేరెందుకు? పాత బంగారు వరహా వెనక ఒక నక్షత్రం గుర్తుండేది. ఇంగ్లీషువాడు దాన్ని నక్షత్రం అన్నాడు, మనవాళ్ళకు పువ్వులాగా కనపడింది. పారసీలోనూ పువ్వు వరహా అనే రాసినారు. విలువ చూస్తే అర వరహా అంటే ఒకటీ ముప్పావు రూపాయి. తెలుగులో అర వరహాకు మాడ అని ఎంత పాత మాటో. కానీ మాడ అన్నా వరహా అన్నా బంగారమే మనసులో మెదులుతుంది. వెండి బిళ్ళ తెచ్చి ఇది వరహాలో సగం అంటే రైతు ఎగాదిగా చూసి ఉంటాడనే నా అనుమానం. నాలుగైదేళ్ళకే ఈ నాణేల అచ్చు ఆగిపోయింది. 1818లో మద్రాసు ప్రభుత్వం వరహా లెక్కనే ఎత్తేసి, నూరు వరహాలకు 350 రూపాయల చొప్పున, 180 గ్రెయిన్ల వెండి రూపాయిని ప్రమాణం చేసింది. రెండేళ్ళ తర్వాత, 1820లో, సి.పి. బ్రౌన్ అనే కుర్ర ఉద్యోగి కడపలో దిగేనాటికి కచేరీ లెక్కలు రూపాయల్లోకి మారినాయి. మనుషుల లెక్కలు మారడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అన్నట్టు, కడప కర్నూలు పల్లెల్లో ఇప్పటికీ డబ్బును 'లెక్క' అంటాం. "లెక్క తెచ్చినావా?" అంటే గణితం కాదు.

1835లో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చింది. పాదుషా పేరు పోయి నాలుగో విలియం తల. లండన్ పద్ధతి చెక్కుడు, కలకత్తా అచ్చు. మెడ కోసినచోట భూతద్దం పెడితే కొన్నింటి మీద ఆర్ ఎస్ అనో, ఎఫ్ అనో సన్నని అక్షరాలు కనపడతాయి. రాబర్ట్ సాండర్స్, విలియం ఫోర్బ్స్ అనే టంకశాల అధికారుల గుర్తులవి. 1840 నుంచి విక్టోరియా రాణి. ఆ పడుచు మొగాన్ని చెక్కింది విలియం వయాన్, ఆయన పొడి అక్షరాలు రెండూ మెడ కింద ఉంటాయి. లోకంలో మొట్టమొదటి తపాలా బిళ్ళ మీది రాణి బొమ్మకు మూలం కూడా వయాన్ చెక్కిన పతకమే. అంటే ఇంగ్లండులో మేటి శిల్పి చేసిన పని కోయిలకుంట్ల సంతలో గొర్రెపొట్టేళ్ళ బేరానికి చేతులు మారింది. యూరపు నాణేల కోసం దూరాలు పోనక్కర్లేదని నేననేది అందుకే.

సేకరించేవాళ్ళు మొదట తడబడేది తేదీల దగ్గర. 1840 అని ఉన్న రూపాయలు 1862 దాకా కొట్టినవే, అచ్చులో తేదీ మార్చలేదు. రాణి తల చుట్టూ రాత ఒకే వరుసగా సాగితే ముందువి, రెండు పక్కలకు విడిపోయి ఉంటే తర్వాతివి. అట్లాగే 1862 తేదీతో 1874 దాకా కొట్టినారు. బొంబాయి టంకశాల మాత్రం తన గుర్తు కోసం సన్నని చుక్కలు పెట్టింది. ఆ చుక్కలు లెక్కపెట్టి ఏ సంవత్సరందో చెప్పడం ఒక విద్య. ఒక చుక్క ఎక్కువైతే ధర ఎగురుతుంది. అందుకని చుక్కలు అతికించే మహానుభావులు కూడా ఉన్నారు.

ఆ 1840 రూపాయలు ఇక్కడ ఎవరి చేతిలో పడినాయో చూస్తే నాణెం బరువు పెరుగుతుంది. నొస్సం పాళెగాళ్ళ వారసుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చిన తవర్జీ, అంటే భరణం, నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. అంటే పదకొండు రాణి రూపాయలు, ఒక అర్ధ, ఒక బేడ, పైన రాగి. దాని మీద జరిగిన అవమానం ఎక్కడికి పోయిందో సీమలో పసిపిల్లవాడికీ తెలుసు. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి, 1847 ఫిబ్రవరి 22న ఉరి. దాడి నాడు ఖజానాలో గలగలలాడినవి విలియం తలలూ విక్టోరియా తలలూ. ఆయన తలను మాత్రం కోట గుమ్మానికి వేలాడదీసి 1877 దాకా దించలేదు.

రూపాయి కొనుక్కోవడానికి మాత్రమే అనుకుంటే పొరపాటు, అది తూకం రాయి కూడా. 180 గ్రెయిన్లంటే సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు. "రూపాయెత్తు బంగారం" అన్న మాట అక్కడిది. మా నాయనమ్మ కషాయం దినుసులు చెప్పేటప్పుడు శొంఠి రూపాయెత్తు, పిప్పళ్ళు పావలా ఎత్తు అనేది. సేరంటే 24 రూపాయల ఎత్తు, వీశె అంటే 120. తక్కెడలో ఒకవైపు సరుకు, ఒకవైపు రాణిగారు. అరిగిన రూపాయలు పెట్టి తూచే కోమటి గురించి సామెతలు మీకే ఎక్కువ తెలుసు.

ఇక నగల సంగతి. తెలుగులో సొమ్ము అంటే డబ్బు, సొమ్ము అంటే నగ. ఒక మాటకు రెండు అర్థాలని నిఘంటువు చెబుతుంది. సీమలో అవి రెండు కావు. పంట బాగా వచ్చిన ఏడు రైతు ఇంట్లో మిగిలిన రూపాయలు కంసాలి దగ్గరికి పోయేవి. నూటికి దాదాపు తొంభై రెండు పాళ్ళ వెండి అని సర్కారే ముద్ర గుద్ది హామీ ఇచ్చిన లోహం, గీటు పెట్టే పనే లేదు. పది రూపాయలు కరిగిస్తే కడియాలు, ఇరవై కరిగిస్తే వడ్డాణం. కరిగించకుండానే కొండి పెట్టి దారానికి గుచ్చితే బిళ్ళల పేరు. తండాల్లో లంబాడీ ఆడవాళ్ళ రవికెల మీద, పేటియా అంచుల మీద పావలాలూ అర్ధలూ వరుసలుగా కుట్టి ఉండేవి. నడిస్తే ఖజానా కదిలినట్టుండేది. కొండి అతకడానికి వాడేది టంకం, నాణెం పుట్టేది టంకశాలలో. మాటలోనే చుట్టరికం ఉంది.

రూపాయలు ఎక్కడివి అనొచ్చు, ఈ ఎండిపోయిన సీమకు. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధంతో దూదికి ధర లేచి నంద్యాల నల్లరేగడి నేలలకు వెండి వచ్చింది. ఆ కాలంలోనే, సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కడప దాకా కాలువ తవ్వే పని మొదలైంది. ఆర్థర్ కాటన్ ఆలోచన, లండన్ వాటాదార్ల పెట్టుబడి. పది లక్షల పౌన్ల మీద నూటికి ఐదు వడ్డీకి సర్కారు హామీ. వాటాదార్లకు వడ్డీ క్రమం తప్పకుండా ముట్టింది, కంపెనీ మాత్రం చతికిలబడింది. 1882లో కాలువను ప్రభుత్వమే కొనుక్కుంది. కానీ ఆ దశాబ్దంలో మట్టి తవ్వినవాళ్ళ మొలలో చేరిన కూలి విక్టోరియా వెండే. 1871 నాటికి మద్రాసు బొంబాయి రైలు కడప, గుత్తి, ఆదోని మీదుగా కలిసింది. రైలు నాణేలను తెచ్చింది. అయిదేళ్ళకు నగలను ఎత్తుకుపోయింది.

1876లో వానలు పడలేదు. రెండేళ్ళ ధాతు కరువు అది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దాని నోట్లోనే ఉన్నాయి. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ ప్రభువు దర్బారు చేసి విక్టోరియాను చక్రవర్తినిగా చాటినాడు. రూపాయి మీద రాణి అన్న మాట తీసేసి ఆ ఏడాది నుంచే చక్రవర్తిని అని అచ్చు వేసినారు. అదే జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులు చూడ్డానికి మద్రాసు వచ్చి కూలి తగ్గించినాడు. రోజంతా రాళ్ళు కొట్టిన మగవాడికి ఒక పౌను ధాన్యం, అర్ధణా. ముప్పై రోజులకు పదిహేను అణాలు. కొత్త బిరుదు చెక్కిన ఆ రూపాయి ఒక్కటి చేతికి రావాలంటే నెల కష్టం చాలదు, ఇంకో రెండు రోజులు రాళ్ళు కొట్టాలి.

1877 రూపాయి నా దగ్గర ఒకటుంది. అరుదైనది కాదు, ధరా లేదు. అయినా పెట్టెలో దాన్ని వేరే కాగితంలో చుట్టి పెట్టుకున్నాను.

ఆ రెండేళ్ళలో జనం ప్రాణాలు నిలుపుకున్న దారుల్లో సొమ్ములు అమ్ముకోవడం ఒకటి. కడియాలు, మొలతాళ్ళు, దండవంకీలు షరాబు తూకంలోకి, అక్కడినుంచి రైల్లో బొంబాయికి. ఆ కరువు ఏళ్ళలో బొంబాయి టంకశాలకు చేరిన వెండి నగలు అమాంతం పెరిగినాయి. కరిగి, మళ్ళీ రూపాయలై బయటికొచ్చినాయి. ఒకప్పుడు రూపాయి నగ అయినట్టే, నగ రూపాయి అయింది. అమ్మేవాడికి షరాబు కోత తప్పలేదు, కరువులో ఆ కోత ఎంత లోతుగా పడుతుందో చెప్పనక్కర్లేదు. కానీ అడుగున ఒక భరోసా ఉంది: వెండి ఎవరు తెచ్చినా టంకశాల చిన్న రుసుం తీసుకొని రూపాయలు కొట్టి ఇచ్చేది. కాబట్టి తులం వెండి దాదాపు రూపాయే.

ఆ తాడు తెగింది 1893 జూన్‌లో. కారణం యూరపులో ఉంది. 1871 తర్వాత జర్మనీ బంగారు నాణేనికి మారి, తన వెండి థాలర్లను కరిగించి లండన్ బజారులో అమ్మకానికి పెట్టింది. వెనకే మిగతా దేశాలూ వెండికి తలుపులు మూసినాయి. అమెరికాలో కొత్త గనులు పడినాయి. వెండి ధర ఏటేటా జారింది, దాంతో పౌనుతో రూపాయి మారకం రెండు షిల్లింగుల దగ్గర్నుంచి దిగి దిగి 1890ల మొదట్లో పదిహేను పెన్నీల దాపుకొచ్చింది. లండన్‌కు ఏటా పౌన్లలో కట్టాల్సిన సర్కారుకు గుండె జారింది. హెర్షెల్ కమిటీ మాట మీద టంకశాలల తలుపులు జనం వెండికి మూసేసింది. అప్పట్నుంచి రూపాయి విలువ సర్కారు నిలబెట్టిన విలువ, అందులోని వెండి విలువ వేరు.

బెర్లిన్‌లో తీసుకున్న నిర్ణయం పులివెందుల ఇల్లాలి కాళ్ళ కడియాల దాకా ఎట్లా వచ్చిందో చూడండి. 1896–97లో సీమలో మళ్ళీ కరువు. మళ్ళీ కడియాలు తక్కెడలోకి. పది రూపాయలు కరిగించి చేయించిన కడియాలకు ఇప్పుడు పది రూపాయలు రావు, వాటి దరిదాపుల్లోకి కూడా రావు. ఆమె దాచుకున్న పొదుపులో ఎవరూ ముట్టుకోకుండానే కోత పడింది. విచిత్రం ఏమంటే, కరిగించకుండా కొండి పెట్టి మెళ్ళో వేసుకున్న రూపాయికి మాత్రం ఏ దెబ్బా లేదు. కొండి ఊడదీస్తే అది మళ్ళీ పదహారణాలు. కంసాలి పనితనం చూసి మురిసిపోయిన ఇల్లు నష్టపోయింది, బిళ్ళల పేరుతో సరిపెట్టుకున్న ఇల్లు గట్టెక్కింది.

నాణేల మీద మద్రాసులో శ్రద్ధగా రాసినవాళ్ళలో ఎడ్గార్ థర్స్‌టన్ ఒకడు. మనకు కులాలూ తెగల సంపుటాలతో తెలిసిన ఆ మ్యూజియం అధికారి 1890లోనే కంపెనీ నాణేల చరిత్ర అచ్చు వేయించినాడు. ఇప్పటి సేకర్తలకు గ్రంథం ప్రిడ్మోర్ జాబితా. రెండింట్లోనూ అచ్చుల తేడాలు, బరువులు, అక్షరాల లెక్కలు నిక్కచ్చిగా ఉంటాయి. నగలైపోయిన నాణేలకు జాబితాల్లో చోటు లేదు. టంకం మచ్చ ఉంటే నాణెం 'చెడినట్టు', ధర పావు వంతుకు పడిపోతుంది. నాకు ఆ లెక్క ఎప్పుడూ మింగుడు పడదు.

కొత్తగా మొదలుపెట్టే కుర్రవాళ్ళకు రెండు మాటలు. పాత వెండిని చింతపండుతోనో విభూతితోనో తోమొద్దు. మెరుపు వస్తుంది గానీ నూరేళ్ళ నలుపుతో పాటు విలువా పోతుంది. అర వరహాలకు పోతపోసిన నకిలీలు తిరుగుతున్నాయి. అంచు నున్నగా సబ్బులాగా ఉండి, చిన్న చిన్న గుంటలు కనపడితే దండం పెట్టి వెనక్కిచ్చేయండి. తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు ఏరేవాళ్ళకు అప్పుడప్పుడు కుండలో నాణేలు కూడా తగులుతుంటాయి. అట్లా దొరికినదాన్ని కలెక్టరుకు తెలపాలని 1878 నుంచే చట్టం ఉంది, పది రూపాయల విలువ దాటితే చాలు. నూరేళ్ళు దాటిన నాణేన్ని దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం. విదేశంలో ఉండే మనవడికి కానుకగా పంపే తాతలు ఇది చూసుకోవాలి.

పోయిన నెల ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో, పాత వెండి కొనే ఒక చిన్న కొట్టులో కూర్చుని ఉన్నాను. పల్లె నుంచి ఒకామె, అరవై దాటి ఉంటుంది, కొంగు ముడి విప్పి మూడు రూపాయలు గాజు బల్ల మీద పెట్టింది. రెండు ఎడ్వర్డు రాజువి. ఒకటి 1862 రాణి, నెత్తిన కొండి. "మా జేజిదబ్బా. మనవరాలికి పట్టీలు చేయించల్ల" అంది. ఆచారి మూడూ మిషన్ మీద పెట్టి చూసినాడు. కొండి ఉన్నది పక్కన పెట్టి, అరవీసమంత పట్టకారు తీసుకున్నాడు.

"కొండి ఊడదీసి తూకం ఎయ్యల్లమ్మా. టంకం ఎత్తు వెండి కింద రాదు."

"అది తీయొద్దు సామీ, ఉండనీ" అని నేనే అడ్డం పడినాను. పట్టీల వెండికి సరిపడా లెక్క కట్టి, ఆమె ఒప్పుకుంటే ఆ ఒక్కటీ నేను తీసుకుంటానన్నాను. ఆమె నన్నూ రూపాయినీ మార్చి మార్చి చూసింది. "కొండి పెట్టిన బిళ్ళ నీకెందుకబ్బీ, బాగుండేవి రెండుండాయి గదా" అంది. తర్వాత చేతిలోకి తీసుకొని, కొండిలో చిక్కుకొని ఉన్న నల్లటి దారప్పోగును గోటితో లాగి కొంగులో ముడేసుకొని, రూపాయి నా ముందుకు తోసింది.